ఆమ్లెట్ తిప్పబోతే ముక్కలైపోతోంది, ఎవరైనా చెప్పండి

గోదావరి_గట్టు | జూన్ 8, మధ్యాహ్నం 2:10

అందరికీ నమస్కారం. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మాది రాజమండ్రి. అమ్మాయి పురిటికని మా ఆవిడ అమెరికా వెళ్లింది, సెప్టెంబరు దాకా రాదు. అన్నం కుక్కర్లో పెట్టుకుంటాను, కూరలు కర్రీ పాయింటు నుంచి, పచ్చళ్లు జాడీలోంచి. పప్పుచారు ఒక్కటీ ఫోన్లో చెప్పించుకుని నేర్చుకున్నాను. కానీ పప్పుచారన్నంలోకి పక్కన ఆమ్లెట్ లేకపోతే నాకు ముద్ద దిగదు. చిక్కంతా అక్కడే.

నేను చేసేది ఇదీ. పదకొండున్నరకి రెండు గుడ్లు కొట్టి ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, ఉప్పు, కారం అన్నీ కలిపి మూత పెడతాను. స్నానం చేసి, పేపరు చూసుకుని పన్నెండున్నరకి పెనం మీద పోస్తాను. అడుగు అంటుకుంటుంది, పైన నీళ్లు నీళ్లుగా ఉంటుంది. అట్లకాడ పెట్టగానే నాలుగు ముక్కలు. చివరికి గీకి గుడ్డు పొరటు అనుకుని తినేస్తున్నాను. ఇవాళ్టితో వరసగా తొమ్మిదో పొరటు.

హాస్టల్_పక్షి | 2:25

నాన్‌స్టిక్ కొనండి అంకుల్. అయిపోయింది.

కాకినాడ_కాజా | 2:48

బాబాయ్ గారూ, నాన్‌స్టిక్ లేకుండానే మన అమ్మమ్మలందరూ వేశారు, కంగారు పడకండి. మూడు సంగతులు చెప్పండి. ఉల్లిపాయ ముక్క ఎంత సైజు? మంట ఎంత? ఏ పెనం మీద వేస్తున్నారు?

టమాటా మాత్రం ఇప్పుడే తీసేయండి. అది వేసి ఆమ్లెట్ తిప్పడం నాకే అన్నిసార్లూ కుదరదు.

గోదావరి_గట్టు | 3:30

థాంక్సమ్మా. ఉల్లిపాయ చక్రాలుగా తరుగుతాను, కళ్లు మండుతాయని ఎక్కువ కోయను. మంట పెద్దది. పెనం ఇంట్లో ఉన్న పెద్ద ఇనప పెనమే. నల్లగా జిడ్డోడుతూ ఉంటే చూడలేక పనమ్మాయి చేత చింతపండు, స్టీలు పీచు పెట్టి తోమించాను. రెండు రోజులు పట్టింది. ఇప్పుడు వెండి పళ్లెంలా మెరుస్తోంది.

కాకినాడ_కాజా | 3:34

బాబాయ్ గారూ... అది పిన్నిగారి దోశల పెనం కాదు కదా?

గోదావరి_గట్టు | 3:41

దోశలు కూడా దాని మీదే వేస్తుంది. ఏం?

ఓరుగల్లు_పిలగాడు | 3:43

అయిపాయె.

టెక్సాస్_బావ | 3:59

సార్, మేడంగారి రిటర్న్ టికెట్ పొడిగించే వీలుందేమో ముందు కనుక్కోండి.

(క్షమించాలి, ఆగలేకపోయాను. మా ఇంట్లో దోశల పెనం మీద నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమ్లెట్ వేశాను. 2016లో. ఇప్పటికీ ఏ దోశ అంటుకున్నా కారణం అదే.)

బీకర్_మాస్టారు | సాయంత్రం 5:15

నేను కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఆ నలుపు సంగతి నాకు వదిలేయండి.

అది మురికి కాదండీ. ఏళ్ల తరబడి పలచగా రాసిన నూనె, వేడికి గాలి తగిలి, అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టి పొరగా మారుతుంది. ఒకరకంగా వార్నిష్ లాంటిది. నాన్‌స్టిక్ చేసే పని అదే చేస్తుంది. చింతపండులో ఉన్న ఆమ్లం, పైన స్టీలు పీచు, రెండూ కలిసి ఆ పొరని ఊడ్చేశాయి. ఇప్పుడు మీ గుడ్డు నేరుగా ఇనుము మీద పడుతోంది. గుడ్డులో ప్రోటీను గట్టిపడేటప్పుడు లోహాన్ని పట్టుకుంటుంది, అందుకే అంటుకోవడం.

పోయింది పోయింది, మళ్లీ తెప్పించొచ్చు. పెనం కడిగి, పొయ్యి మీదే పూర్తిగా ఆరబెట్టండి. నువ్వుల నూనె గానీ పొద్దుతిరుగుడు గానీ నాలుగు చుక్కలు వేసి గుడ్డతో పెనమంతా రాసి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచేయండి. నూనె ఉందా లేదా అన్నట్టుండాలి. కిటికీలు తెరిచి, పొగ వచ్చి ఆగేదాకా కాల్చండి. చల్లారాక మళ్లీ అదే పని. మూడు నాలుగు పూతలకి గోధుమరంగు తిరిగి నలుపు మొదలవుతుంది. ఎక్కువ నూనె పోస్తే మాత్రం జిగురుగా కట్టేస్తుంది, జాగ్రత్త.

నాన్‌స్టిక్ కొన్నా తప్పులేదు. ఖాళీగా మాత్రం పెద్ద మంట మీద వదిలేయకండి. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. దాని మీద చెక్క గరిటే వాడాలి.

నైట్_బండి | రాత్రి 11:50

నమస్తే సార్. ఇప్పుడే ఇంటికొచ్చి చూశాను. విజయవాడలో పదకొండేళ్లు ఆమ్లెట్ బండి నడిపాను, ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. నాకు సైన్సు తెలియదు, చేత్తో తెలిసింది చెబుతాను.

ముందు ఉల్లిపాయ. చక్రాలుగా కోస్తే ఆమ్లెట్‌కి మీరే చిల్లులు పెట్టినట్టు. తిప్పేటప్పుడు ఆ చక్రం దగ్గరే విరుగుతుంది. బియ్యపు గింజంత తరగాలి. రెండు గుడ్లకి చిన్న ఉల్లిపాయలో సగం చాలు. పచ్చిమిర్చి ఒకటి. మా బండి దగ్గర సగం కంప్లయింట్లు ‘ఉల్లిపాయ తక్కువేశావు’ అనేవే, కానీ ఎక్కువేస్తే నిలబడదు, కస్టమర్‌కి అది చెప్పినా వినడు.

రెండు, గ్లాసు. గిన్నెలో కాదు, స్టీలు గ్లాసులో కొట్టండి. ఎడమచేత్తో గ్లాసు కాస్త వంచి పట్టుకుని, స్పూను అడుగుకి తగిలేలా టకటకా కొట్టాలి. ముందు ఉప్పు, ఉల్లిపాయ, మిర్చి గ్లాసులో వేసి స్పూనుతో ఒక్క నలుపు నలిపి, అప్పుడు గుడ్లు. ముప్పై నలభై దెబ్బలు. పైన నురగ కట్టి, తెల్లసొన తీగలు సాగకుండా ఉంటే అయినట్టు. కొట్టిన వెంటనే పోసేయాలి. నురగ కూర్చుందా, ఆమ్లెట్ కూడా కూర్చుంటుంది. మీరు గంటసేపు మూత పెట్టి ఉంచారు సార్, అక్కడే పోయింది.

గుడ్డు నేరుగా గ్లాసులో కొట్టకండి. పక్కన చిన్న గిన్నెలో ఒక్కొక్కటీ కొట్టి, బాగుందనుకున్నాకే గ్లాసులో పోయండి. ఒక్క మురిగిన గుడ్డుకి మొత్తం గ్లాసు పారబోసిన రోజులున్నాయి.

మూడు, పెనం వేడి. నాలుగు చుక్కలు నీళ్లు చల్లండి. చుక్క అక్కడే కూర్చుని మెల్లగా మరిగితే ఇంకా కాలలేదు. చుయ్‌మని ఎగిరిపోతే సరి. ముత్యాల్లా దొర్లుతూ పరిగెడితే మరీ కాలింది, మంట తగ్గించి కాస్త ఆగండి. తర్వాత చెంచాడు నూనె, సగం కోసిన ఉల్లిపాయతో పెనమంతా రుద్దండి. మళ్లీ అర చెంచా. ఇప్పుడు మంట మధ్యస్థం చేసి, గ్లాసులోది పెనం నడిమధ్యన పోసి, గ్లాసు అడుగుతోనే గుండ్రంగా ఒక్కసారి తిప్పండి.

ఇక చెయ్యి పెట్టకండి. కష్టం ఇక్కడే. అంచు చుట్టూ నాలుగు చుక్కల నూనె వేసి చూస్తూ ఉండండి. అంచు సన్నగా ఎర్రబడి, దానంతటది పెనం వదిలి కొంచెం పైకి లేస్తుంది. లేవకపోతే మీరు లేపకండి, అది ఇంకా రెడీగా లేదు. లేచాక అట్లకాడ నాలుగువైపులా కిందికి తోసి, పెనం పట్టుకుని ఊపితే ఆమ్లెట్ మొత్తం కదలాలి. కదిలింది అంటే తిప్పేయొచ్చు. అవతలివైపు ఇరవై సెకన్లు చాలు.

గోదావరి_గట్టు | జూన్ 9, ఉదయం 6:20

బాబూ, ఇంత ఓపిగ్గా చెప్పావు. మా మేనేజరు కూడా నాకు ట్రైనింగులో ఇంత చెప్పలేదు. ‘ఇక చెయ్యి పెట్టకండి’ అన్న మాట నా కోసమే రాసినట్టుంది.

బీకర్_మాస్టారు | 7:05

నైట్_బండి గారికి ఒక్క విషయంలో అడ్డం పడతాను. గుడ్డులో ఉప్పు ముందే వేసి పావుగంట ఉంచితే ఆమ్లెట్ మెత్తగా వస్తుంది. ఉప్పు వల్ల ప్రోటీన్లు మరీ బిగుసుకోవు, నీళ్లు బయటికి నెట్టవు. నేను ఎన్నోసార్లు రెండు గిన్నెల్లో పెట్టి చూశాను.

నైట్_బండి | 9:30

బండి దగ్గర పావుగంట ఆగేవాడు ఉండడు సార్ 🙂

కాకినాడ_కాజా | 10:12

ఇద్దరూ రైటే. ఉప్పు వేసిన గుడ్డు ఆగొచ్చు. ఉప్పు వేసిన ఉల్లిపాయ ఆగకూడదు. ఉప్పు తగలగానే ఉల్లిపాయ, టమాటా నీళ్లు వదులుతాయి. బాబాయ్ గారి గిన్నెలో గంటలో జరిగింది అదే, పైన తేలిన నీళ్లు గుడ్డువి కావు. కావాలంటే గుడ్డు, ఉప్పు, పసుపు ముందు కలిపి పెట్టుకుని, ఉల్లిపాయ మిర్చి పెనం కాలాక కలపండి.

ఇంకోమాట. ఈ జూన్ ఎండల్లో కొట్టిన గుడ్డు గంటసేపు బయట పెట్టకండి. పావుగంట దాటేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఓరుగల్లు_పిలగాడు | 10:40

పెద్దసారు, మా ఇంట్ల ఉల్లిగడ్డ పచ్చిది ఎయ్యం. ముందుగాల్ల చెంచెడు నూనెల ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ జర మెత్తబడేదాక ఏంచి, సల్లారినంక గుడ్లల్ల కలుపుతం. నీళ్ల లొల్లే ఉండదు. అల్లంవెల్లిగడ్డ రవ్వంత, చిటికెడు పసుపు, కొత్తిమీర. పసుపేస్తె నీసు వాసన రాదు. గంతే. ఒక్కసారి గిట్ల చేసి సూడుండ్రి, మంచిగొస్తది.

నైట్_బండి | 10:55

వేయిస్తే తియ్యగా అవుతుంది తమ్ముడూ. ఆమ్లెట్‌లో ఉల్లిపాయ పంటికింద కరకరమనాలి.

ఓరుగల్లు_పిలగాడు | 10:58

అన్నా, నువ్వు బండి ముచ్చట చెప్తున్నవ్, నేను ఇంటి ముచ్చట చెప్తున్న.

టెక్సాస్_బావ | 11:30

మధ్యలో నా గోడు వినండి. ఇక్కడ అపార్టుమెంటులో కరెంటు కాయిల్ పొయ్యి. మంట తగ్గించానంటే తగ్గదు, రెండు నిమిషాల దాకా అదే వేడి. ఆమ్లెట్ వేయడం నేర్చుకున్న మొదటి నెల స్మోక్ అలారం నాలుగుసార్లు మోగింది. చివరికి పద్ధతి దొరికింది. తగ్గించాలనుకున్నప్పుడు పెనమే ఎత్తి పక్కన పెట్టడం.

ఫ్రెంచి వాళ్ల తరహా ఆమ్లెట్ కూడా అప్పుడే అలవాటైంది. ఉల్లిపాయ లేదు, కారం లేదు. మూడు గుడ్లు, ఉప్పు, వెన్న. వెన్న కరిగి నురగ కట్టి, ఆ నురగ తగ్గేటప్పుడు గుడ్డు పోయాలి. వెన్నలో ఉన్న నీరు పోయిందనడానికి అదే గుర్తు. ఇంకా ఆగితే వెన్న మాడుతుంది. పోసిన వెంటనే ఫోర్కుతో గబగబా కలుపుతూ పెనం ఊపుతూ ఉండాలి, పైన ఇంకా తడి మెరుస్తుండగానే చుట్టేయాలి. ఎక్కడా ఎర్రబడకూడదు. మొత్తం ఒక నిమిషం పని.

మా నాన్నగారు వచ్చినప్పుడు ఎంతో మోజుగా చేసి పెట్టాను. ఒక ముక్క తిని, ‘బానే ఉందిరా, ఇప్పుడు కాల్చి తీసుకురా’ అన్నారు.

కాకినాడ_కాజా | 11:41

😂 మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

బీకర్_మాస్టారు | మధ్యాహ్నం 12:20

ఆయన అన్నదాంట్లోనూ న్యాయం ఉంది లెండి. తెల్లసొన సుమారు 62 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలుపెడుతుంది, పచ్చసొన 65 నుంచి 70 మధ్య. రెండూ కలిపి కొట్టినది దాదాపు 73 దగ్గర గట్టిపడుతుంది. సాల్మొనెల్లా (గుడ్లలో ఉండి కడుపు పాడుచేసే బాక్టీరియా) భయం లేకుండా ఉండాలంటే గుడ్డు లోపల 71 డిగ్రీలు దాటాలంటారు. అంటే పూర్తిగా గట్టిపడిన ఆమ్లెట్‌కి ఢోకా లేదు. పెద్దవాళ్లకి, చిన్నపిల్లలకి, గర్భిణులకి తడితడిగా పెట్టొద్దు. మనవాళ్లు రెండువైపులా కాల్చడం మొరటుతనమేం కాదు.

ఎక్కువ కాలిస్తే రబ్బరు. ప్రోటీను బిగిసి నీళ్లన్నీ పిండేసుకుంటుంది. పాలు పోయమని చెబుతారు కదా, అవి గుడ్డుని పలచన చేసి ఆ బిగింపు కాస్త ఆలస్యం చేస్తాయి, అంతే. గుడ్డుకి చెంచాడు మించి పోస్తే మళ్లీ తిప్పడం కష్టం.

హాస్టల్_పక్షి | 1:15

నాటుకోడి గుడ్డుతో వేస్తే ఇవేవీ అక్కర్లేదు. ఫారం గుడ్డులో అసలు బలం లేదు.

కాకినాడ_కాజా | 1:22

తమ్ముడూ, మా పుట్టిల్లు అనపర్తి పక్కన. చుట్టూ కోళ్లఫారాలే. దేశంలో గుడ్లు ఎక్కువ పండించేది మన ఆంధ్రా, మా వైపు నుంచి లారీలు బెంగాల్ దాకా పోతాయి. ఆ గుడ్డు తినే పెరిగాను, బలం లేదని ఎవరూ అనలేదు.

*(ఇక్కడి నుంచి 14 సందేశాలు తొలగించబడ్డాయి.)*

నిర్వాహకుడు | సాయంత్రం 4:00

నాటుకోడి, ఫారంకోడి గొడవకి వేరే చర్చ తెరవండి. ఇక్కడ ఆమ్లెట్ మాత్రమే. ఇంజెక్షన్ల పుకార్లు పెట్టినవారికి ఇది మొదటి హెచ్చరిక.

బీకర్_మాస్టారు | 4:18

నిర్వాహకుల అనుమతితో ఒక్క మాట. పెంకు రంగు కోడిజాతిని బట్టి, పచ్చసొన రంగు అది తిన్న మేతని బట్టి. బ్రౌన్ రంగులో ఉన్నవన్నీ నాటువి కావు. మామూలు సైజు గుడ్డు ఏదైనా సుమారు ఆరు గ్రాముల ప్రోటీను ఇస్తుంది. నాటుగుడ్డు చిన్నది కాబట్టి రెండు బదులు మూడు పడతాయి, ఆమ్లెట్‌కి తెలియాల్సిన తేడా అదే.

గుడ్డు తాజాదో కాదో కావాలంటే నీళ్లలో వేయండి. అడుగున పడుకుంటే తాజా, నిలబడితే పాతది, తేలితే పారేయడమే. రోజులు గడిచేకొద్దీ పెంకు రంధ్రాల్లోంచి తేమ పోయి లోపల గాలి పెరుగుతుంది. కొని తెచ్చిన గుడ్లు కడిగి దాచకండి, పైన ఉండే రక్షణపొర పోతుంది. వాడే ముందు కడగండి.

గోదావరి_గట్టు | జూన్ 11, మధ్యాహ్నం 1:40

రిపోర్టు. నిన్న బజారుకెళ్లి ఆమ్లెట్ల కోసం వేరే చిన్న ఇనప పెనం కొన్నాను. మాస్టారు చెప్పినట్టు దానికి మూడు పూతలు. దోశల పెనానికి కూడా రెండు వేశాను, ప్రస్తుతానికి పులిచర్మంలా మచ్చలు మచ్చలుగా ఉంది.

ఇవాళ గ్లాసులో నలభై దెబ్బలు లెక్కపెట్టి కొట్టాను. పోశాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నిజంగానే అంచు దానంతటది లేచింది! తిప్పాను. ఒక్క ముక్కగానే తిరిగింది, అంచున కొంచెం చిరిగింది. కానీ అడుగు నల్లగా మాడింది, మధ్యలో కోస్తే పచ్చి.

నైట్_బండి | 2:05

మంట ఇంకా ఎక్కువే సార్. పెనం చిన్నదంటున్నారు, రెండు గుడ్లకి మందం పెరుగుతుంది. పోసేదాకా మధ్యస్థం, పోశాక సన్న మంట, పైన మూత. మూత కింద ఆవిరికి పైభాగం కూడా గట్టిపడుతుంది. నిమిషంన్నర. లేదంటే ఒక్కో గుడ్డుతో రెండు పలచటివి వేసుకోండి. పప్పుచారులోకి పలచటిదే బాగుంటుంది, అంచులు కరకరలాడతాయి.

కాకినాడ_కాజా | 2:30

మందంగా వచ్చినవి పారేయకండి బాబాయ్ గారూ, పులుసులోకి పనికొస్తాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గించి, కారం, పసుపు, ధనియాల పొడి, నిమ్మకాయంత చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క. పులుసు మరిగి నూనె తేలాక ఆమ్లెట్‌ని డైమండ్ ముక్కలుగా కోసి వేయండి. మూడు నిమిషాలు మించి ఉడకనివ్వద్దు. స్పాంజిలా పీల్చుకుంటుంది కాబట్టి పులుసు కాస్త పలచగా ఉండగానే దించాలి. పొద్దున చేసి రాత్రికి తింటే ఆ రుచే వేరు.

చింతపండు పులుసు ఇనప పెనంలో మాత్రం కాచకండి. ఎందుకో మీకిప్పుడు తెలుసు 🙂

హాస్టల్_పక్షి | 3:10

నాకూ ఒకటి చెప్పండి. బ్రెడ్ ఆమ్లెట్ వేస్తే బ్రెడ్ ఒకవైపు, గుడ్డు ఒకవైపు అవుతోంది.

నైట్_బండి | 3:32

గుడ్డు గట్టిపడ్డాక బ్రెడ్ పెడుతున్నావు. పోసిన పది సెకన్లలోపే రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, వెంటనే బోర్లా తిప్పి పెట్టు. రెండువైపులా పచ్చిసొన పట్టాలి, అదే జిగురు. తర్వాత మొత్తం తిరగేసి, పక్కలకి మిగిలిన గుడ్డు బ్రెడ్ మీదికి మడిచి, ఒకదాని మీద ఒకటి మూసెయ్.

గోదావరి_గట్టు | జూన్ 29, రాత్రి 9:20

మూడు వారాలైంది, చెప్పకుండా ఉండలేక వచ్చాను. ఆమ్లెట్ ఇప్పుడు చంద్రబింబంలా వస్తోంది. వరంగల్ అబ్బాయి పద్ధతిలో ఆదివారం, బండి పద్ధతిలో మిగతా రోజులు. పులుసు కూడా పెట్టాను, పక్కింటి వాళ్లకి ఒక గిన్నె ఇచ్చాను, గిన్నె ఖాళీగా తిరిగిరాలేదు, గారెలు వచ్చాయి.

ఇవాళ పొద్దున వీడియో కాల్‌లో మనవడిని చూపిస్తూ మా ఆవిడ నా వెనక గోడకి తగిలించిన కొత్త పెనం చూసింది. అదెక్కడిదంది. ఆమ్లెట్లకి వేరేగా కొన్నానని గర్వంగా చెప్పాను. ఒక్క క్షణం ఆగి, ‘మరి దానికి ముందు దేని మీద వేశారు?’ అంది.

సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను.

దోశల పెనానికి ఇవాళ్టితో ఆరు పూతలయ్యాయి. నడిమధ్యన అరచేతి వెడల్పున ఇంకా తెల్లగానే ఉంది. ఏడోది వేయమంటారా?

నైట్_బండి | 11:58

వేయండి సార్. సెప్టెంబరు దాకా రోజూ వేయండి.